ఎన్ని అడుగులండీ

మే నెలలో నా వేలు పొడిచి
ఎనిమిది పాయింట్ రెండు అంది నర్సు రత్నమణి.
"పదకొండుండాలమ్మా."
నవ్వేశాను. లంకలో పుట్టినదాన్ని,
నాకు తెలిసిన అంకెలన్నీ నీళ్ళవే.
ధవళేశ్వరం దగ్గర పదకొండడుగులు దాటితే
మేకల్ని గట్టెక్కిస్తాం.
తగ్గితే భయపడాల్సిన అంకె ఒకటుంటుందని
ఆ రోజే విన్నాను.

మట్టి సంగతి చెప్పడానికి ఇంకో నెల పట్టింది.
తొలివాన పడ్డ అరటితోటలో
ఒండ్రు వాసనకి నోరూరి
గోటితో గీరి నాలిక మీద వేసుకున్న సంగతి.
ఆవిడ తిట్టలేదు.
"అది నోటి కోరిక కాదు భాగ్యవేణీ,
నెత్తురు ఇనుము అడుగుతోంది,
దారి తెలీక మట్టిని చూపిస్తోంది."
ఎర్రమాత్ర అన్నం తిన్నాక, నిమ్మనీళ్ళతో.
టీతో వద్దు.
మాత్ర అలవాటైంది గానీ
ఆ పూట టీ మానడమే ప్రాణం మీదకొచ్చింది.

మూడో రోజు దొడ్లోంచి ఏడుస్తూ ఫోన్ చేశాను,
నల్లగా అవుతోందండీ అని.
కుక్కర్ కూతల మధ్య నవ్వింది.
"పోనీలే, మింగుతున్నావని రుజువు."

మా అత్త పళ్ళాలమ్మ లెక్కలు వేరు.
రెండు ముద్దలు తగ్గించు, బిడ్డ పెరిగితే కాన్పు కష్టం.
గుడ్డు వేడి. మునగ వేడి.
ఎనభై ఆరు వరదలో
అటక మీద, కొబ్బరిపీచు బస్తాల మధ్య
మా వదినని కన్న మనిషి.
ఎదురు చెప్పలేక
మునగాకు ఎండబెట్టి కారప్పొడిలో కలిపాను.
ఆవిడకీ వడ్డించాను. ఇంకొంచెం వెయ్యమంది.

రాత్రుళ్ళు పిక్క పట్టేస్తే
వలలు అల్లే మా ఆయన చేతులు
తడి ముడి విప్పినట్టు ఓపిగ్గా విప్పేవి.
ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు.
ఎడమ పక్క గోడ, గోడకవతల వైనతేయ.
అన్నం తిన్నాక అలా ఒత్తిగిలి
లోపలి కదలికలు లెక్కపెట్టాలి,
ఒక్కోదానికి ఒక్కో చింతపిక్క,
పది.

శ్రావణంలో నీళ్ళు ఎర్రబడ్డాయి.
ఆ వారమే ఉంగరం వేలికి బిగుసుకుంది.
కాళ్ళ వాపు మామూలే అన్నారందరూ.
కానీ పొద్దున్న అద్దంలో కళ్ళ కింద కూడా నీరు.
తల ఒకటే పోటు.
చింతపండు పిసుకుతుంటే
పట్టపగలు మిణుగురులు.
చెబితే గారాలనుకుంటారని ఊరుకున్నాను.

మైకులో మొదటి హెచ్చరిక చెప్పగానే
మా అత్త నా రెండు చీరలు, మాత్రల డబ్బా,
ఆసుపత్రి కార్డు మూట కట్టేసింది.
"మీరు అటక మీద కనలేదేంటి?"
తెలివితక్కువగా అన్నాను.
మూట ముడి మళ్ళీ బిగించింది.
"నా పక్కన ఇంకో మనిషి కూడా ఉందే.
మా ఆడపడుచు.
తలపోటు, తలపోటు అంటానే ఉంది రెండ్రోజులు.
కళ్ళు సరిగా కనపడతల్లేదంది.
సీకట్లో ఎవరికి మాత్రం కనపడతాదే అన్నాను."

ఆ తర్వాత నావ దాటేవరకూ
ఆవిడ నీళ్ళకేసి చూడలేదు,
నా ముఖంకేసే.

రేవులో రత్నమణి రెయిన్‌కోటు కింద
బీపీ మిషన్‌ని పొట్టకి హత్తుకుని నిలబడింది.
పట్టీ చుట్టింది, గాలి కొట్టింది.
"నూట యాభై ఆరు," అంది, నాతో కాదు.
అంబులెన్సులో ఉంగరానికి సబ్బు రాసి లాగారు,
వేలు మళ్ళీ పొడిచారు.
"నెత్తురు నయం. పది పాయింట్ ఒకటి."
"అంటే ఎన్ని అడుగులండీ?" అడిగింది మా అత్త.
"ఇది ఎక్కాలి పిన్నిగారూ, అది దిగాలి.
రెండూ మేం చూసుకుంటాం."

అమలాపురం రోడ్డుకి రెండు వైపులా
వరి మునిగి, కొసలు మాత్రం కనపడుతున్నాయి.
మా అత్త కొంగు ముడి విప్పింది.
లోపల చింతపిక్కలు.
నా పొట్ట మీద ఒక చెయ్యి అలాగే ఉంచి,
రెండో చేత్తో ఒకటి ఇటు జరిపింది.
"ఆరు," అంది. "మాట్లాడకు.
ఇంకా నాలుగు రావాలి."