పేరు: లేదు

ప్రాగ్‌లో మంగోలియా రాయబార కార్యాలయం
బయటి నుంచి పళ్ళ డాక్టరు ఇల్లులా ఉంటుంది.
గేటు మీద జెండా,
డిసెంబరు మంచుకు బిగుసుకుపోయి
ఎటు ఊగాలో తేలని జెండా.

పై అంతస్తులో రాయబారి చెంద్-అయూష్
రాత్రి విందులో చదవాల్సిన ఉపన్యాసంలో
"చిరకాల మైత్రి" కొట్టేసి "శాశ్వత మైత్రి" అని రాసి
మళ్ళీ చిరకాలానికే వచ్చాడు.

కింద, అద్దపు కిటికీ వెనకాల
కాన్సులర్ అధికారి ఓయున్‌బిలెగ్.
ఫ్లాస్కులో ఉప్పు వేసిన పాల టీ.
కిటికీకి అవతల, బూట్లు విదిలించిన మంచు కరిగి
నేల మీద చిన్న మడుగు.
ఆ మడుగులో నిలబడే అందరూ మాట్లాడతారు:
పాస్‌పోర్టు వాషింగ్ మెషీన్లో పడిందని ఒకడు,
కూతురి పేరు చివర "ఓవా" తగిలించారు, పీకించమని ఒకామె,
పనేం లేదమ్మా, మన మాట చెవిన పడుతుందని వచ్చానని
తలుపు దగ్గరే ఆగిపోయిన ముసలి వెల్డరు.
ఆయనకీ ఒక కప్పు పోసింది.
రిజిస్టరులో "ఇతరములు" అని రాసుకుంది.

మధ్యాహ్నం బ్లాన్స్కో నుంచి ఫోను.
కార్మికుల హాస్టలు, మూడో షిఫ్టు కుర్రాడు బత్‌జర్గల్:
అక్కా, మా గదిలో ఆయన పోయి పది రోజులు.
ఆసుపత్రి వాళ్ళు ఇవ్వరట.
ఎవరో తెలియని శవం అంటున్నారు.
పేరు చెప్పలేదా?
చెప్పాం. అదే గొడవ.

పేరు నెర్గుయ్.
అంటే, పేరు లేదు.

అతని ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు.
నాలుగోవాడికి తల్లి ఏ పేరూ పెట్టనట్టు నటించింది,
గుడారం చుట్టూ తచ్చాడే చావు
ఏమని పిలవాలో తెలియక
వట్టి చేతులతో పోతుందని.
మనకూ తెలిసిన కిటుకే.
పురిటి బిడ్డను పెంట మీద పొర్లించి,
చేటలో పెట్టి నూకలకు అమ్మి
పెంటయ్య అని పిలిచేవాళ్ళు కాదూ.
నలభై ఆరేళ్ళు పనిచేసింది కిటుకు.

పోలీసులు పిలిపించిన దుబాసీ కుర్రాడు
చాలా శ్రద్ధగలవాడు. ఒక్క ముక్క వదల్లేదు.
ఎత్తు, కోటు రంగు, చెవి వెనక గుర్రం తన్నిన మచ్చ.
మొదటి గడిలో,
పేరు: లేదు.

పాస్‌పోర్టు ఏజెంటు సొరుగులో ఉంది.
ఏజెంటు ఎక్కడున్నాడో ఏ గడిలోనూ లేదు.

పురపాలక కార్యాలయంలో శ్రీమతి హ్రుష్కోవా
ఓర్పుగానే చెప్పింది ఫోనులో:
పేరే లేని మనిషిని
ఎవరని రాసి పంపమంటారు, మేడమ్?

ఓయున్‌బిలెగ్ ముద్రవేసిన కాగితాల కట్ట విప్పింది.
ఆ కాగితాలకొక మర్యాద ఉంది,
కత్తి దూసే మాటైనా
నమస్కారంతోనే మొదలవ్వాలి.

"మంగోలియా రాయబార కార్యాలయం
చెక్ విదేశాంగ శాఖకు గౌరవాభివందనాలు సమర్పిస్తూ
ఈ దిగువ విషయాన్ని సవినయంగా తెలియజేయుచున్నది:
పేరులేదు అనునది పేరే."

కలం ఆగింది.
పదహారేళ్ళ కొలువులో
ఇంత చిన్న వాక్యం రాసిన గుర్తు లేదు.
తండ్రి పేరు చేర్చింది. మచ్చ సంగతి చేర్చింది.
అతను ఎవరికో బాకీపడ్డ రెండు వందల కొరునాల గురించి
బత్‌జర్గల్ చెప్పాడు గానీ, అది రాయలేదు.

ముద్ర తీస్తే సిరా ఎండిపోయి ఉంది.
రబ్బరు మీద "హా" అని ఊదింది,
బడి నుంచి వచ్చిన పిల్లాడి కొంకర్ల వేళ్ళ మీద ఊదినట్టు.
రాయబారి రెండుసార్లు చదివాడు.
పొద్దుట్నుంచీ ఉపన్యాసం మీద ఆగని ఎర్ర కలం
దీని మీద ఎక్కడా వాలలేదు.

గురువారం, తెల్లవారకముందు,
విమానాశ్రయంలో సరుకుల షెడ్డు.
గుమాస్తా కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని
"నెర్గీ" అన్నాడు.
నెర్గుయ్, అంది.
"నెర్జుయ్?"
నెర్గుయ్.
ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు ఇంజను ఆపి
టోపీ తీశాడు, ఎందుకో మళ్ళీ పెట్టుకున్నాడు.
మూడోసారి గుమాస్తాకి సరిగ్గా పలికింది.

చావు వింటుందన్న భయం ఇక లేదు గనక
ఆమె ఇంకొక్కసారి,
రేకుల కప్పుకు తగిలేంత గట్టిగా ఆ పేరు చెప్పి
అందుకున్నవారి గడిలో సంతకం పెట్టింది.