ఉప్పు డబ్బా

ఓవెన్ లేదురా మనకంటే
కుక్కరున్నది గదనే అన్నడు లోహిత్.
విజిల్ పీకేసి, రబ్బరు తీసేసి
అడుగుల కిలో దొడ్డుప్పు పోసి
మీద పాత ఇత్తడి కుదురు పెట్టిండు.
వాని చేతులు చూస్తే
కొత్తవాడల ఎవలో మగ్గం బిగిస్తున్నరనుకుంటరు.

పదమూడేండ్ల పోరడు.
ఎండకాలం కండెలు చుట్టిన పైసలు
మూడు వందల ఎనభై,
అన్నీ పది నోట్లే.
చౌరస్తకు పోయి
వెన్న, కోకో పొడి, చాక్లెట్ గడ్డ,
గుండ్రటి నల్ల బిస్కెట్ల పొట్లాలు రెండు తెచ్చిండు.
మైదా నేనిస్తనన్న. అది నా వాటా.

మూడు వరుసలట.
కింద బిస్కెట్ పిండి, కాలినంక గూడ పచ్చిపచ్చిగుండాలె.
నడుమ బిస్కెట్లు.
మీద బ్రౌనీ, కరగవోసింది.
"నేసినట్టే అమ్మా, ఒకదాని మీదొకటి."
నేతల ఒకదాని మీదొకటి ఉండది బిడ్డా,
ఒకదాన్లకెల్లి ఒకటి పోతది
అందామనుకున్న. అనలే.
వాడు చక్కెర, వెన్న గిలకొడుతున్నడు,
చెంచ చప్పుడు
పక్కింటి మగ్గం చప్పుడుల కలిసిపోయింది.

పిండి గంటసేపు చల్లగ గట్టివడాలె.
మాకు ఫ్రిజ్ లేదు.
ఫర్హత్ అక్క మటన్ డబ్బ పక్కకు జరిపి చోటిచ్చింది.
"ఏం కూర ఇది?"
"కూర కాదక్కా, కింది వరుస."
ఆమె తలూపింది, అంత తెలిసినట్టే.

గిన్నెల పిండి ఒత్తుడు మాత్రం నాకిడిసిపెట్టిండు.
చెయ్యి తడి చేసుకున్న, అంచులదాక తట్టిన,
అంత ఒక్క తీరు మందం.
ఆ తర్వాత నా వేలు నన్ను అడగలే.
నడుమ ఒకటి, చుట్టు నాలుగు.

"అమ్మా! సర్వపిండి కాదే ఇది!"

పొక్కలల్ల నూనె పోద్దునేమో ఇంకింతసేపైతే.
పూడుస్త ఆగురా అంటే
వద్దు, మెత్తవడ్డది, ఇగ ముట్టకు అన్నడు.
మొగులు వట్టిన మొకంతోని
బిస్కెట్లు పేర్చిండు, బ్రౌనీ పోసిండు,
మూత పెట్టి
పొయ్యికి వీపు జేసి కూసున్నడు.

సన్న మంట మీద నలభై నిమిషాలు.
రంగు కాగు వాసన తప్ప వేరే ఎరుగని మా సందుల
ఆ వాసన నడుచుకుంట పోయింది.
పక్కింటి ఓదేలు మామ మగ్గం ఆపి అడిగిండు,
"ఏం మాడుతున్నదవ్వా?"
మాడుతలేదు మామా అని గట్టిగనే చెప్పిన గని
నాకు గూడ అనుమానమే.

చల్లారేదాక ఆగాల్నట. ఆగినం.
కత్తికి అంటుకుంటున్నదని
మూరెడు పడుగు దారం తెచ్చి
రెండు కొసలు గుంజి పట్టి కోసిన.
దారం మాట వినే తీరు కత్తి వినది.

ముక్క ఒరిగింది.
కింద గోధుమ వన్నె, నడుమ నలుపు, మీద మట్టి రంగు.
బిస్కెట్ల సందులల్లకెల్లి జారిన చాక్లెట్
నా వేలు దిగిన కాడ దిగి
బుట్ట తీరు నిలవడ్డది.
వాడు ముక్కను దీపం కింద తిప్పి తిప్పి చూసిండు.
ఇంకో ముక్క. అండ్ల గూడ.
"బడిల అడిగితే డిజైన్ అని చెప్త" అన్నడు,
నా దిక్కు చూడకుంటనే.

అడుగు కొంచెం మాడింది నిజమే.
ఆ గీకిన పెళ్లల కోసం ఇద్దరం కొట్టుకున్నం.
నాలుగు ముక్కలు ఫర్హత్ అక్కకు,
ఫ్రిజ్ కిరాయి.
ఓదేలు మామకు ఒకటి, పండ్లు లేవని మెత్తటిది.

కాగిన ఉప్పు బూడిద రంగుకొచ్చింది.
పారబోస్తనంటే మల్ల పనికొస్తదని
డబ్బాల పోసి, మీద పెన్నుతోని రాసిండు:
కూరలెయ్యొద్దు.
దాని కింద, చిన్నగ:
పొక్కలు ఐదు.