నోరు మూసిన కత్తెర

మసాకాలో, న్యెండో బజారు చివర
వాన వెలిసింది. బోదా బళ్ళు మళ్ళీ గొంతు విప్పాయి.
క్లినిక్ అరుగు మీద నబుకీర
ఎవరి పెళ్ళికో గోమేసి కుడుతూ కూర్చుంది.
తన నంబరు పిలిచేదాకా చేతులు ఊరుకోవు.

రక్తం గొట్టం మీద పేరు రాస్తుంటే అడిగింది:
"పద్దెనిమిదేళ్ళుగా తీసుకుంటున్నావు,
లోపల ఏం జరుగుతోందో
ఒక్కరోజైనా చెప్పావా?"

ముందు ఒక గుమాస్తా వస్తాడు, అన్నాను.
వాడి పని తిరగరాయడం.
తొందర మనిషి. చూసి రాయమన్నా తప్పులే.
ఆ తప్పులే వాడి బతుకుతెరువు,
నిన్నటి మొహంతో ఇవాళ దొరకడు.

"మరి మనవాళ్ళు?" దారం కొరికింది.

ఉన్నాడొకడు, అపోబెక్.
బయటికెళ్ళే మూటలో నక్కి
పక్కింట్లో గుమాస్తా రాస్తూండగానే
అక్షరాలు మార్చేస్తాడు.
రాత ఆగదు, అర్థం పోతుంది.
అందుకే ఆ మూట కట్టకముందే
విఫ్ అనే చిల్లర దొంగ
వాడి వీపున చీటీ అంటిస్తాడు.
చీటీ చూసి మన చెత్తబండే
మనవాణ్ణి ఎత్తుకుపోతుంది.

"మా మునిసిపాలిటీకి చుట్టాలేమో" అని నవ్వింది.

చివర్లో ఒక కత్తెర ఉంటుంది అన్నాను.
నవ్వు ఆగింది. సూది కూడా.

పొడుగు పట్టీగా నేసిన ప్రొటీన్ని
ముక్కలు చేసేది అదే.
రెండు రెక్కలు కలిస్తేనే కత్తెర.
ఇంట్లో ఉన్నంతసేపూ విడివిడిగా ఉండాలి,
గడప దాటాకే కలవాలి.
తొందరపడి లోపలే ఒక్క కోత కోసిందా,
కార్డ్-ఎనిమిది అని ఒక కాపలావాడు
అడ్డుకోడు, చెయ్యెత్తడు,
మెడ చాపుతాడు.
తెగడమే వాడి కేక.
ఆ కేక విని కణం
తన గోడలు తానే పగలగొట్టుకుంటుంది.

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టా?"

అవును. ఎలుక పిల్లలు పెట్టకముందే.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, బట్టతో చెప్పినట్టు:
"సిరీము అని గుసగుసగా అనే రోజుల్లో
మా అక్క నన్యొంజో గోమేసి
నెలకోసారి లోపలికి పట్టి కుట్టేదాన్ని.
తర్వాత వారానికోసారి.
ఆఖరికి బట్ట తక్కువ, కుట్లు ఎక్కువ.
అక్క లోపల ఎన్ని ఇళ్ళు కాలాయంటావు?"

నా దగ్గర లెక్క లేదు.
నాకు గొట్టాల లెక్కే తెలుసు.

అతికించేవాడి సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.
ఆమె గోమేసి తిరగేసి
లోపలి మడత నా ముందు పెట్టింది.
"ఇలా మన దారంతోనే కలిపి కుట్టేస్తే?
పైకి కనపడదు. విప్పబోతే బట్ట చిరుగుతుంది."

అంతే. అక్కడ గుమాస్తా లేడు, కత్తెర లేదు,
కాపలావాడు మెడ చాపడానికి ఏమీ లేదు.
ఏళ్ళ తరబడి నిద్ర.
ఆ నిద్ర చెడగొట్టి, కత్తెరని తొందరపెట్టే మందుల కోసం
ఎవరో ఎక్కడో గాజు పళ్ళేల్లో వెతుకుతున్నారు.
నీకు మాత్రం రాత్రి తొమ్మిదింటి మాత్రే, అన్నాను.

"రేడియో వార్తలప్పుడు వేసుకుంటా.
చెడ్డ వార్తయితే నీళ్ళు ఎక్కువ తాగుతా."

నలభై రెండో నంబరు పిలిచారు.
లేచి, పావడా మీది దారపు ముక్కలు దులుపుకుని
తన నల్ల ఇనుప కత్తెర నా చేతిలో పెట్టింది.
"మర వదులైంది, ఊరికే తెరుచుకుంటుంది.
నేనొచ్చేదాకా
నోరు మూసి పట్టుకో."