పురి ఎటు?

పై అంతస్తు రదియోన్ తలుపు కొట్టినప్పుడు
నేను బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాను.
వాడి చేతిలో జానెడు ప్లాస్టిక్ గొట్టం,
దాని మీద కాకి పీకేసిన గూడులా
రాగి తీగ.
"క్లావ్దియా యెఫీమొవ్నా,
మీరు మిల్లులో కండెలు చుట్టేవారట కదా?"

చుట్టేవారట!
ముప్పై ఒక్క ఏళ్లు, మూడు షిఫ్టులు,
నార్వా నది ఒడ్డున ఎర్ర ఇటుకల మిల్లు.
నా వినికిడి సగం అక్కడే ఉండిపోయింది.
ఇప్పుడక్కడ పావురాలే హాజరు వేయించుకుంటాయి.

ఏం చేస్తావురా దీంతో అంటే
టెస్లా కాయిల్ అన్నాడు,
బల్ల మీద పట్టేంత పిడుగు అన్నాడు.
పదిహేనేళ్లు. పై పెదవి మీద నూగు.
వెయ్యి చుట్లు పడాలి, పక్కపక్కనే,
ఒకటి ఇంకోదాని భుజమెక్కకూడదు.
నాలుగుసార్లు చుట్టి నాలుగుసార్లు విప్పాడు.
ఆరు వందల దగ్గర ఒకసారి వాళ్లమ్మ
సూప్ చల్లారిపోతోందని కేకేసిందట.

తీగ వేళ్ల మధ్య పట్టి చూశాను. వెంట్రుకే.
నూలు తెగితే ముడి వేసి
మేస్త్రీ కంటపడకుండా లోపలికి తోసేదాన్ని.
రాగికి అంత జాలి లేదు.

మాంసం మరని బల్ల అంచుకి బిగించి
దాని ఇరుసుకి గొట్టం తొడిగాం.
వాడు పిడి తిప్పుతాడు,
నేను తీగకి దారి చూపిస్తాను.
నా బొటనవేలి పక్కన ఒక గాడి ఉంది,
నూలు కోసీ కోసీ పడ్డది.
తీగ వచ్చి అందులో కూర్చుంది,
జ్వరం తగ్గి పనికొచ్చిన మనిషి
తన స్టూలు వెతుక్కోకుండా కూర్చున్నట్టు.

లెక్క పెడతానన్నాడు. వద్దన్నాను.
లెక్క పెట్టేవాడి నోరు మూతపడుతుంది,
నోరు మూసుకుంటే చెయ్యి బిగుస్తుంది.
గొట్టం మీద పెన్సిల్ గీత దాకా చుడదాం, చాలు.
అంతసేపూ తమారా సంగతి చెప్పాను,
నిద్రపోతూ కూడా కండె మార్చేది;
జలపాతం సంగతి చెప్పాను,
నీళ్లన్నీ కరెంటు కేంద్రానికి పోయి
ఏడాదిలో ఏ కొన్ని రోజులో తప్ప
రాళ్లే కనపడతాయి కదా, అది.
వాడు విన్నాడో లేదో. పిడి మాత్రం ఆగలేదు.

చుట్లు జారకుండా వార్నిష్ కావాలి.
నా దగ్గరున్నది గోళ్ల రంగే, ఎరుపు,
ఎవరి పెళ్లికి కొన్నానో గుర్తులేదు.

మర్నాడు సాయంత్రం
అడుగున లావు తీగ అయిదు చుట్లు,
నెత్తిన వెండి కాగితం చుట్టిన టెన్నిస్ బంతి,
పన్నెండు వోల్టుల డబ్బా.
స్విచ్ వేశాడు.
ఏమీ లేదు.
ట్రాన్సిస్టరు ఒకటి మాడి
వంటగదంతా కాలిన చెప్పు వాసన.
ఇంకా రెండే ఉన్నాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి.
కాగితం మీది బొమ్మని
తిరగేసి, మరగేసి, దీపానికెత్తి చూస్తున్నాడు.

"పురి ఎటురా?" అన్నాను.
"అంటే?"
ఒంటి పోగుకి ఒక పురి, పేనిన దారానికి ఎదురు పురి.
అది తప్పితే ఎంత మంచి నూలైనా
మెలికపడి తన మీద తనే అలుగుతుంది.
పై తీగ ఒకవైపు పోతూంటే
కింద తీగ ఎటు పోతోందో చూశావా?

నోరు తెరిచాడు. మూశాడు.
కింది తీగ కొసలు రెండూ తారుమారు చేశాడు.

అగ్గిపుల్లంత వంగపండు రంగు గీత
బంతి మీంచి లేచి
గాలిలో పట్టు దొరక్క వెతుక్కుంది.
కిటికీలో నా రేడియో గరగరమని
వాతావరణ వార్తలు మింగేసింది.
వాడు పాత ట్యూబ్‌లైటు దగ్గరగా పట్టాడు,
ఏ తీగా లేకుండా, ఉత్త చేతిలో, వెలిగింది.
గదిలో ఒక వాసన.
రాత్రి షిఫ్టులో ఉరుముల వేళ
కిటికీ తెరిచే వంతు కోసం కొట్లాడుకునేవాళ్లం,
అదే వాసన.

ఇక ఆపు, వేడెక్కుతోంది అన్నాను.
ఇంకొక్క నిమిషం అన్నాడు.

మా మిల్లులో ప్రతి కండెలోనూ
చుట్టిన మనిషి నంబరు చీటీ ఉండేది,
తప్పు దొరికితే జీతం కోయడానికి.
చల్లారాక గొట్టం తిరగేసి
మిగిలిన ఎరుపుతో అడుగున రాశాను: 417.
ఎందుకన్నాడు.
ఎవరైనా ఫిర్యాదు చేస్తే
నా దగ్గరికి పంపమన్నాను.