వెనకవైపు

ఇంటికప్పు దేనితో వేశారు?
పెంకులు, అంది ఛోర్వీ.
రాసుకున్నాను. పెంకులకి మార్కులు ఎక్కువ.
మార్కులు పెరిగినకొద్దీ కార్డు దూరం.
ఈ పరీక్షలో తప్పినవాళ్ళకే ఆస్పత్రి తలుపు తెరుచుకుంటుంది.

త్రపాంగ్ క్రసాంగ్‌లో ఇళ్ళన్నీ గుంజల మీద నిలబడతాయి.
మెట్ల మీద కూర్చుని కిందికి చూశాను.
ఒక గుంజకి నడుమెత్తున నున్నటి గాడి,
పలుపుతాడు ఏళ్ళ తరబడి ఒరుసుకున్నది.
పశువులున్నాయా? ఐదో ప్రశ్న.
లేవు.
ఉండేవా, అని అడిగే గడి నా కాగితంలో లేదు.

మోటారు సైకిలు?
"ఉంది!" అంటూ పిల్లాడు లోపలికి పరిగెత్తి
హెల్మెట్ పట్టుకొచ్చాడు.

బండి పోయి పద్నాలుగు నెలలట.
వాళ్ళ నాన్న సారెత్ రక్తాన్ని
నాంపెన్‌లో ఒక యంత్రం వారానికి రెండుసార్లు కడిగేది.
ఇప్పుడు ఒక్కసారి, కుదిరితే.
ముందు ఆవు, వెనకే దాని దూడ,
తర్వాత బండి, ఆ తర్వాత కాలవ పక్క మడి,
ఆ తర్వాత (ఇక్కడ ఎందుకో నవ్వింది)
వెనక గోడ చెక్కలు.
గోడ ఉండాల్సిన చోట నీలం టార్పాలిన్
గాలికి ఉబ్బుతోంది, వదులవుతోంది.
దాని పక్కన పడుకున్న సారెత్ కాళ్ళూ ఉబ్బాయి.
అవి వదులవటం లేదు.

కూడి చూశాను, రెండుసార్లు.
ఒక్క మార్కు ఎక్కువ.

ఆదివారం పగోడా చావడిలో జాబితా చదివాం.
ఎవరైనా మిగిలిపోయారా అని అడగటం మా నియమం.
ఛోర్వీ రాలేదు.
పేరు చదివితే ఒక సిగ్గు, చదవకపోతే ఇంకొకటి.
నేనే ఆమె పేరెత్తాను.
"పెంకుటిల్లు వాళ్ళా!" అన్నారెవరో వెనకనుంచి.
ఆ మాటతో అయిపోయేదే.

యేయ్ ఫల్లీ లేచింది,
నూటికి ఐదు వడ్డీకి ఊరందరికీ అప్పులిచ్చే ముసలిది,
వక్కాకు నోరు, చంకలో బడిపిల్లల నోటుబుక్కు.
కళ్ళజోడు వెతుక్కుని చదివింది:
"వాన పడ్డ మంగళవారం, రక్తానికి, రెండు లక్షల రియెల్.
శుక్రవారం, బస్సుకీ సూదికీ, లక్షా నలభై వేలు.
మంగళవారం, మళ్ళీ రక్తానికి.
శుక్రవారం ఇవ్వనన్నాను. శనివారం ఇచ్చాను."
నాలుగు పేజీలు.
అంతసేపూ చావడిలో ఎవరూ దగ్గను కూడా లేదు.

ఎందుకు చదివిందో నాకు తెలుసు.
కార్డొస్తే మందుల ఖర్చు సర్కారుది,
చేతిలో మిగిలేది ఆమె వడ్డీకి.
తెలిసే ఆ పుస్తకం అడిగి తీసుకున్నాను.

ప్రత్యేక కారణాలు: ఆఖరి గడి, రెండంగుళాలు.
మంగళవారాలూ శుక్రవారాలూ అందులో ఇరికించాను,
పట్టక, కాగితం తిప్పి వెనకవైపు కూడా రాశాను.
పూర్సాత్ ఆఫీసులో
కాగితాలు తిప్పి చూసే అలవాటు ఉందో లేదో.

నోటుబుక్కు తిరిగిచ్చినప్పుడు ముసలిది
వేలు తడి చేసుకుని
పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంది.