తాలు దగ్గు

గుంటూరులో దగ్గుకి ఎవరూ పేరు పెట్టరు.
మిర్చి యార్డు గేటు దాటితే చాలు
ఘాటు అంటారు,
కొంగు ముక్కుకి బిగించి
తొడిమలు తీసుకుంటూ పోతారు.

అందుకే తాలు దగ్గితే
మూడు నెలలు ఎవరూ తల తిప్పలేదు.

తాలు అంటే కుక్క.
ఎర్రటి ఒంటి మీద తెల్లమచ్చలు,
రంగు విరిగిన కాయలా ఉందని
సువార్తమ్మ పెట్టిన పేరు.
తాలు కాయకి యార్డులో ధర లేదు గానీ
ఈ తాలుకి ఏ టిక్కీ మీదైనా పడుకునే హక్కుంది.

మే నెలలో యార్డుకి సెలవులిచ్చారు.
నేల ఊడ్చారు, గాలి తేటపడింది.
చాలామంది దగ్గులు సర్దుకున్నాయి.
తాలుది సర్దుకోలేదు.
"మిరపకాయే లేనిచోట ఘాటేంటి సారూ" అంటూ
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది
మా పశువుల ఆసుపత్రికి.

డాక్టరు హైమావతి గారు స్టెతస్కోపు పెట్టి
పక్కింటి గొడవని గోడకి చెవి ఆనించి విన్నట్టు
చాలాసేపు విన్నారు.
పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు, పాలిపోయున్నాయి.
ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల అంచుల వెంట
విడదీయని దూది పింజల్లాంటి మరకలు.
"ఏం తింటుంది?"
"మేం తినేదే."
"ఇంకా?"
సువార్తమ్మ గొంతు తగ్గించింది.
"కోల్డ్ స్టోరేజీ వెనక నీళ్ళు కారే చోట
నత్తలుంటయ్యమ్మా. కరకరా కొరుకుద్ది.
ఆడుకుంటందిలే అనుకున్నా."

ఇక అక్కడినుంచి పని నాది. ల్యాబు మనిషిని.
మూడు రోజుల పెంట మూడు పొట్లాలు తెమ్మన్నాను,
పురుగు పిల్లలు రోజూ బయటికి రావు గనక.
ఆమె మిర్చి శాంపిల్ కట్టినంత ముచ్చటగా కట్టి
తారీకు వేయించి మరీ తెచ్చింది.

గాజు గరాటు, అడుగున రబ్బరు గొట్టం, దానికో క్లిప్పు.
పల్చటి గుడ్డలో మూట,
మూట మునిగేదాకా గోరువెచ్చని నీళ్ళు.
అంతే. రాత్రంతా కదిలించకూడదు.
పురుగు పిల్లకి వెచ్చదనం కావాలి, మెలికలు తిరుగుతూ వస్తుంది,
ఎదురీత మాత్రం రాదు.
నిదానంగా, తనకు తెలియకుండానే,
నా క్లిప్పు దగ్గరికి దిగుతుంది.

మొదటి పొట్లంలో పిండి రేణువులు.
రెండోదాంట్లో ఒక వెంట్రుక,
దాన్నే పురుగనుకుని కాసేపు గర్వపడ్డాను.
మూడో తెల్లవారి, ఇంకా టీ కూడా తాగలేదు,
లెన్సు కింద ఒక్కటి
తోక చివర కొక్కెం తిప్పుకుని
పేరు రాని సంతకంలా కొట్టుకుంటోంది.
డాక్టరు గారూ అని అరిచాను.
ఒక రోగం దొరికినందుకు
అంత ఆనందించకూడదేమో.

మందు బరువుని బట్టి ఇవ్వాలి.
మా తూకం మిషను మార్చి నుంచీ చెడి ఉంది.
సువార్తమ్మ వాచ్‌మన్‌ని బతిమాలి
మూసిన యార్డులో కాటా ఎక్కించింది.
"పద్నాలుగు కేజీల రెండొందలు.
తరుగు తియ్యనియ్యలేదు సారూ" అంది చీటీ ఇస్తూ.

ఫెన్‌బెండజోల్, రోజూ, పెరుగన్నంలో, మూడు వారాలు.
పరిగెత్తనియ్యొద్దు.
లోపల పురుగులు చచ్చేటప్పుడు
దగ్గు పెరగొచ్చు, భయపడొద్దు.
ఇవన్నీ చెప్పాం. తల ఊపింది.
అయిదో రాత్రి రెండింటికి ఫోను.
మాట లేదు, దగ్గు వినిపించింది, అంతే.
"తగ్గే ముందు ఇలాగే ఉంటుంది,
ఆయాసమైతే వెంటనే తీసుకురా" అన్నాను.
తెల్లారేదాకా నాకూ నిద్ర లేదు.

మళ్ళీ మూడు పొట్లాలు, మూడు రాత్రులు.
నీళ్ళలో నీళ్ళే.
అప్పటికి యార్డు తెరిచారు.
తాలు కౌంటరు మీద కాళ్ళు పెట్టి
నా మైక్రోస్కోపుని నాకబోయింది.
సువార్తమ్మ పగలబడి నవ్వింది,
నవ్వు దగ్గులోకి జారింది,
దగ్గు ఎంతకీ తేలలేదు.
"ఘాటేలే సారూ."
"సెలవుల్లో ఆగిందా?"

ఆమె మాట్లాడలేదు.
పెద్దాసుపత్రి ఓపీ ఏ గదిలోనో
చీటీ మీద రాసి ఇచ్చాను.
తాలు ముందుగా దాని వాసన చూసింది.