పడవ తలుపు మీద ఆరు పెడల్స్

ఇకితోస్‌లో జూన్ నెల.
నది అప్పుడప్పుడే మెట్లు దిగుతోంది.
గోడలకు చెమట.
కిందటి వారం టంకం వేసిన అతుకు
ఈ వారానికే పచ్చగా చిలుమెక్కింది.

నేరిదా తమాని నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుంది.
ఎదురుగా, తుక్కు కింద అమ్మేసిన ఓ పడవ తలుపు.
పడవ పేరులో చివర మిగిలింది "డ్రినా" అన్న ముక్కే.
ఒకప్పుడది ఏదో పిట్ట పేరు.

నేను బేస్ వాయిస్తాను.
నాకు నాలుగు తీగలు, ఒక వైరు, ఒక కుర్చీ చాలు.
ఆమెకు ఆరు తీగలు, ఆరు పెడల్స్,
పదమూడు వైర్లు, ఆపైన కోపం.

వా పెడల్‌కి కుట్టుమిషన్ తొక్కుడు పలక కోసింది.
ఫజ్ సర్క్యూట్‌ని సార్డీన్ డబ్బాలో పెట్టింది.
ఎంత కడిగినా
ఎండెక్కితే చేప వాసనే.
ఆరోగ్య కేంద్రం పారేసిన బీపీ పట్టీలు తెచ్చి
వెల్క్రో కత్తిరించింది.
ఎన్ని జబ్బల్ని బిగించి వదిలిందో ఆ పట్టీ
ఇప్పుడు డిలే పెడల్‌ని వదలకుండా పట్టుకుంది.

ఏది ముందు, ఏది వెనక అని
నాలుగు రాత్రులు పోట్లాడుకున్నాం.
"డిలే తర్వాత ఫజ్ పెడతావా?
చెప్పు తొడుక్కుని, దానిమీద మేజోడు వేస్తావా?"
అన్నాన్నేను.
అలాగే పెట్టింది.
ప్రతిధ్వని చిరిగి పీలికలై తిరిగొచ్చింది.
బాగుందని ఒప్పుకోవడానికి
నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

అన్నీ కలిపి స్విచ్ వేస్తే
కుండలో తుమ్మెద దూరినట్టు ఒకటే హోరు.
వైర్లు మార్చాం. బల్బులార్పాం.
ఫ్యాన్ ఆపి ఉక్కలో ఉడికాం.
హోరు అలాగే ఉంది.

బెలెన్ నుంచి విల్ఫోర్ అహువనారి వచ్చాడు,
రేడియోలు బాగుచేసే ముసలాయన.
వచ్చి, ఏదీ ముట్టుకోలేదు.
తలుపుకి చెవి ఆన్చి, కళ్లు మూసుకుని విన్నాడు.
"దీనికి నేల రెండు చోట్ల తగులుతోంది" అన్నాడు.
"ఒక్క మేకు కొట్టు. అన్నీ అక్కడికే రావాలి."
డబ్బు వద్దన్నాడు.
పోతూ పోతూ టార్చిలైటుకి రెండు బ్యాటరీలు అడిగాడు.

మేకు కొట్టాక వచ్చిన నిశ్శబ్దంలో
పక్కింటి కోడి రెక్కలు దులుపుకోవడం వినిపించింది.

శాన్ హువాన్ రాత్రి. రేవు పక్క ఖాళీ స్థలం.
ఆకుల్లో చుట్టిన అన్నం మూటలు ఆవిర్లు కక్కుతున్నాయి.
మూడో పాట మధ్యలో జనరేటర్ దగ్గింది.
బల్బులు పసుపై, ఎర్రబడి,
నిప్పుకణికల్లా ముడుచుకున్నాయి.
తొమ్మిది వోల్టులు అందాల్సిన చోట
నాలుగో, నాలుగున్నరో.

ఫజ్ నోరు ఎండిపోయింది.
స్వరం మొదలవుతుంది, తెగుతుంది,
గొంతులో ముల్లు దిగిన కొంగలాగా
మళ్లీ కక్కుతుంది.
నేను వాయించడం ఆపేశాను.
ఆమె ఆపలేదు.
వంగి ఆ డబ్బా వంక చూసింది.
పొయ్యిమీద పాలు చూసే చూపది.
ఆ ఒక్క తీగనే మీటుతూ పోయింది.

అన్నం మూటలమ్మే ఆవిడ గరిటె కింద పెట్టి
నడుం మీద చెయ్యి వేసుకుని కదిలింది.
తర్వాత కుర్రాళ్లు.
తర్వాత, ఇక చెప్పేదేముంది,
దుమ్ము.

మర్నాడే తలుపుకి ఇంకో కంత తొలిచింది.
విల్ఫోర్ ఇచ్చిన పాత రేడియో నాబ్ బిగించి
గోళ్లరంగుతో గుర్తులు రాసింది:
తొమ్మిది దగ్గర "అన్నం",
నాలుగు దగ్గర "ఆకలి".

తిప్పి చూశాం.
దగ్గరదాకా వస్తుంది.
ముల్లుంది, కొంగ లేదు.
జనరేటర్ వాణ్ణి వెతుక్కుంటూ వెళితే
కొత్తది కొన్నాడట,
పాతది ఏ పడవకో ఎక్కించేశాడట.

"ఆ రాత్రి గాలిలో తడి కూడా లెక్కే" అంటుంది నేరిదా,
స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య పెట్టుకుని.
ఏడో పెడల్‌కి తలుపు మీద చోటు లేదు,
"డ్రినా" అన్న చోట తప్ప.
అక్కడికి డబ్బా జరిపింది.
కాసేపు చూసింది.
మళ్లీ వెనక్కి జరిపింది.